ట్రంకులమ్మ సెకండ్ షో

ట్రంకులమ్మని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఊళ్ళో ఇప్పుడెవరూ మిగల్లేదు. పొరుగూరికి ఫోను చెయ్యాలన్నా ట్రంకాల్ బుక్ చేసి పూటంతా కాచుకుని కూర్చోవాల్సిన రోజుల్లో ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. రిసీవరెత్తితే ముందు వినపడేది ఆవిడ గొంతే. కాల్ కలిపేదీ ఆ గొంతే, మాటలు మంచి రసపట్టులో ఉండగా "మూడు నిమిషాలయిందండీ, పొడిగించమంటారా?" అంటూ మధ్యలో దూరేదీ ఆ గొంతే. ఆవిడ మొహమైనా ఎరగనివాళ్ళు బజార్లో వంకాయలు బేరమాడుతుంటే గొంతు పోల్చుకుని, "మీరు ట్రంకులమ్మ కదూ!" అని నిలబడిపోయేవారు. ఆ పేరే స్థిరపడింది.

ఇప్పుడావిడకి అరవై ఎనిమిది. రిటైరై ఎనిమిదేళ్ళయింది. కూతురి దగ్గరే ఉంటుంది. వారంలో ఆరు రోజులు ఇంటి పనులు ఏం చెప్పినా చేస్తుంది గానీ, శనివారం సాయంత్రం ఐదైందంటే మాత్రం ఎవరడ్డమొచ్చినా ఆగదు. పాత ఎక్స్ఛేంజీకి ఎదురుగా ఓ బేకరీ ఉంది. దాని ముందున్న సిమెంటు బల్ల మీద ముగ్గురు చేరతారు. ఆవిడా, సూపర్‌వైజరమ్మా, పొట్టిపిల్లా.

సూపర్‌వైజరమ్మకి డెబ్బై ఆరు. డ్యూటీలో మేడమ్, గేటు దాటితే అక్క. ఇప్పటికీ టీ చల్లారిపోయి వస్తే బేకరీవాడికి మెమో ఇవ్వబోతున్నట్టు చూస్తుంది. పొట్టిపిల్ల కాల్స్ కలిపే బోర్డు పైవరసకి చెయ్యందక స్టూలెక్కి పనిచేసిన మనిషి. అరవై ఆరేళ్ళొచ్చి, మనవలు ఆవిడ నెత్తి మీదుగా చూసేంత ఎదిగినా, ఈ ఇద్దరికీ ఇంకా పొట్టిపిల్లే.

ఆ శనివారం కూడా ఎప్పటిలాగే పొట్టిపిల్లే మొదలెట్టింది.

"రాత్రి సీరియల్ చూశావా అక్కా? పెద్దకోడలు మళ్ళీ గతం మర్చిపోయింది."

"మళ్ళీనా? ఎన్నోసారే?"

"మూడోసారి. మొదటిసారి మెట్ల మీంచి పడి మర్చిపోయింది. రెండోసారి కారు గుద్ది. ఈసారి ఏమీ జరక్కుండానే మర్చిపోయింది."

"ఏమీ జరక్కుండా ఎలా మర్చిపోతుందే?"

"అలవాటైపోయింది కదక్కా పాపం!"

సూపర్‌వైజరమ్మ నవ్విన నవ్వుకి గ్లాసులో టీ తొణికి చీర మీద పడింది. ట్రంకులమ్మా నవ్వింది, కానీ ఆ ఇద్దరి మొహాలూ చూశాక, ఒక్క క్షణం ఆలస్యంగా. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మాట కలపాలనుకుని, "మంచి సంబంధమే. ఇంతకీ పెళ్ళెప్పుడంటా?" అంది.

పొట్టిపిల్ల అదో పెద్ద జోకనుకుని ఇంకా నవ్వింది.

తర్వాత మాట టవరు మీదికి మళ్ళింది. ఎక్స్ఛేంజీ నెత్తి మీద ఎర్రా తెల్లా రంగులు వేసిన పొడుగాటి ఇనప టవరుండేది. కిందటేడు ఊడబీకేశారు. జనం ఇంకా "టవరు దగ్గర" అనే అంటారు, లేనిదాని పక్కనే ఇళ్ళు అద్దెకిస్తారు. ఆ టవరు మూల మీద ముందునుంచీ ఉన్నది సైకిల్ షాపని పొట్టిపిల్లా, కాదు గడియారాల షాపని సూపర్‌వైజరమ్మా కాసేపు కత్తులు దూశారు.

"నువ్వు చెప్పవే, సైకిల్ షాపా, గడియారాల షాపా?" అని ట్రంకులమ్మని అడిగారు.

ఆవిడ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. మళ్ళీ అడిగారు. ఉలుకూ పలుకూ లేదు. పొట్టిపిల్ల ఆవిడ మొహం ముందు చప్పట్లు కొట్టి, "ఏమే, ఇంతసేపూ చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టు ఊదుతుంటేనూ!" అంది.

ఆ మాట మాత్రం ట్రంకులమ్మకి స్పష్టంగా వినపడింది.

మరుసటి శనివారం ఆవిడ బేకరీకి రాలేదు. మోకాళ్ళ నొప్పులని కబురు పంపింది. ఆ పై వారం జలుబంది. మూడో వారం కబురు కూడా పంపలేదు.

కుడిచెవి మందగించడం మొదలై రెండేళ్ళు దాటింది. ముప్ఫై నాలుగేళ్ళు హెడ్‌సెట్టు అదిమిపట్టుకున్న చెవి అది. మొదట టీవీ గొంతు పెంచుకుంది. "ఎందుకమ్మా అంత సౌండు, పిల్ల చదువుకోవద్దూ?" అని కూతురు విసుక్కుంటే టీవీ చూడటమే మానేసి, సీరియళ్ళన్నీ చెత్తవైపోయాయని చెప్పడం మొదలెట్టింది. ఎవరితోనూ నోరు విప్పి చెప్పలేదు. కాలు పోయిందంటే చెప్పుకోవచ్చు, కన్ను పోయిందన్నా చెప్పుకోవచ్చు. తనకి అన్నం పెట్టిన చెవి ఇది. పక్క ఊరి ఆపరేటరు దగ్గు విని మనిషిని పోల్చిన చెవి. అది పోతోందని ఎలా చెప్పుకుంటుంది?

అసలు ఆ ఉద్యోగంలోకి ఆవిడ కోరి వచ్చింది కాదు. ఆవిడ భర్త అదే శాఖలో లైన్‌మాన్. ఓ వానాకాలం సాయంత్రం స్తంభమెక్కినవాడు మళ్ళీ ప్రాణాలతో దిగలేదు. ఆవిడకప్పుడు ఇరవై ఆరు. మూడేళ్ళ కూతురు, ఇంట్లో అత్తగారు. భర్త పోయిన నాలుగు నెలలకి ఆ ఉద్యోగం ఈవిడకిచ్చారు. స్తంభాలెక్కేది కాదు గనక బోర్డు ముందు కూర్చోబెట్టారు.

బోర్డు పనంటే కష్టమేం కాదు. దీపం వెలిగితే దాని కింది కన్నంలో తాడు గుచ్చాలి, నంబరడగాలి, కలపాలి. వారం రోజుల్లో చేతికొచ్చింది. కష్టమల్లా ఒక్కచోటే. లైన్లు బాగుచేసే వాళ్ళు స్తంభం మీదనుంచే ఎక్స్ఛేంజీకి ఫోను చేసి చూసుకుంటారు. "హలో, టెస్టింగ్, నూట పన్నెండు" అని గాలి హోరులో ఓ మగగొంతు వినపడేది. అంతే, ఆవిడ చెయ్యి కొయ్యబారిపోయేది. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఇంట్లో ఆయన అదే మాట వేళాకోళంగా అనేవాడు. అన్నం ముందు కూర్చుని, "హలో, టెస్టింగ్, పచ్చడి" అనేవాడు.

మూడో రోజునో నాలుగో రోజునో సూపర్‌వైజరమ్మ అది కనిపెట్టింది. ఏమీ అడగలేదు, ఓదార్చనూ లేదు. మర్నాటినుంచీ టెస్టింగ్ కాల్సన్నీ తన బల్ల మీదున్న లైనుకే చెయ్యాలని లైన్‌మాన్లందరికీ హుకుం జారీచేసింది. ఏడాది పాటు అలాగే నడిపింది. ఎందుకు మార్చారని పై ఆఫీసరు అడిగితే, "లైన్ల నాణ్యత నేనే స్వయంగా చూసుకోవాలనుకుంటున్నానండీ" అందిట. ఆ సంగతి ట్రంకులమ్మకి తెలిసేటప్పటికి పదేళ్ళు గడిచాయి.

ఎక్స్ఛేంజీలో ఆడవాళ్ళ విశ్రాంతి గదికి తలుపులున్న ఓ చెక్క టీవీ వచ్చింది. బీరువాలా తాళం కూడా ఉండేది. ఆదివారం సాయంత్రం సినిమా వేస్తే ఊరు ఊరంతా గప్‌చుప్. బోర్డు మీద ఒక్క దీపం వెలిగేది కాదు. మధ్యలో వార్తలో ప్రకటనలో వచ్చాయా, నూరు దీపాలూ ఒక్కసారి భగ్గుమనేవి. జనానికి చుట్టాలంతా అప్పుడే గుర్తొచ్చేవారు. బోర్డు దగ్గర కూర్చున్నవాళ్ళకి సినిమా కనపడేది కాదు గనక పొట్టిపిల్ల విశ్రాంతి గదిలో ఫోను పట్టుకుని లోపలి లైన్లో కథ చెప్పేది.

"ఇప్పుడు వాడు గుర్రం దిగాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగింది. అయ్యో, ఈ పిల్లకి బొత్తిగా బుద్ధి లేదే, పోయి పోయి వాడి దగ్గరే ఏడుస్తోంది!"

"ఏం చీర కట్టుకుందే?"

"టీవీలో అన్నీ బూడిదరంగే కదే, నీకేం రంగు కావాలో అది అనుకో!"

సినిమా అంటే చెవి కోసుకునే మనిషి ట్రంకులమ్మ. భర్త ఉన్నప్పుడు వారానికో సినిమా. ఆయన పోయాక ఇంటినుంచి ఎక్స్ఛేంజీకి, ఎక్స్ఛేంజీనుంచి ఇంటికి, అంతే. ఏడాదిన్నర అలా గడిచింది. ఓ రోజు రాత్రి తొమ్మిదిన్నరకి డ్యూటీ దిగి ముగ్గురూ ఆఫీసు వ్యానెక్కారు. ఆడవాళ్ళని రాత్రిపూట ఇళ్ళ దగ్గర దింపే వ్యాను అది. తీరా చూస్తే వంతెన దగ్గర కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగి సినిమా హాలు ముందు ఆగింది.

"దిగు," అంది సూపర్‌వైజరమ్మ.

"ఇదేంటక్కా? మా అత్తయ్య చూస్తుంటుంది."

"ఇవాళ నీకు అదనపు డ్యూటీ పడిందని సాయంత్రమే కబురు పంపించాను. ఆఫీసు ఉత్తర్వు. దిగు."

ఆ హాల్లో ఫ్యాన్లు తిరిగేవి కావు గానీ చప్పుడు మాత్రం చేసేవి. చెక్క కుర్చీల్లో నల్లులు. సినిమా మహా అయితే ఓ మోస్తరుది. నవ్వించే ఆయన వచ్చిన ప్రతిసారీ పొట్టిపిల్ల ముందువరస కుర్చీని తన్నేది, ఆ కుర్చీలో కూర్చున్నాయన వెనక్కి తిరిగి ఉరిమి చూసేవాడు. మూడోసారి తన్నినప్పుడు ట్రంకులమ్మకి నవ్వాగలేదు. తెర మీద అప్పుడు తల్లి పాత్ర చచ్చిపోతోంది. హాలంతా ముక్కులు చీదుతుంటే ఈ ముగ్గురూ కొంగులు నోట్లో కుక్కుకుని కిందామీదా పడ్డారు. ఏడాదిన్నరలో ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఇల్లు చేరేటప్పటికి ఒంటిగంటయింది. అత్తగారు తలుపు తీసి, పక్కకి తప్పుకుని, మళ్ళీ వెళ్ళి పడుకుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగింది.

"అమ్మాయ్, ఏం సినిమా?"

ట్రంకులమ్మ కాఫీ ఊదుకోవడం మొదలెట్టింది. "సినిమా ఏంటత్తయ్యా, డ్యూటీ..."

"ఇన్నాళ్ళూ నువ్వు నిద్రలో ఏడిస్తే వింటూ పడుకున్నాను. నిన్న రాత్రి నవ్వావు. ఆఫీసులో అంత నవ్వొచ్చే పని ఏం చేయించారు?"

కోడలు తల దించుకుంది. ఇంక చీవాట్లు మొదలవుతాయనుకుంది. అత్తగారు ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"నన్నొక్కదాన్నీ వదిలేసి ఎలా వెళ్ళబుద్ధేసిందే నీకు? వాడు నీకు మొగుడైతే నాకు కొడుకు. ఈ నాలుగ్గోడల మధ్యా నాకు మాత్రం ఊపిరాడుతోందనుకున్నావా?"

కోడలు ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. ఆయన పోయినప్పుడు కూడా ఇద్దరూ ఒకచోట కూర్చుని ఏడవలేదు. ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చుకున్నారు. ఆ పొద్దున కాఫీ చల్లారిపోయేదాకా ఏడ్చారు.

అప్పట్నించీ నెలకో సెకండ్ షో, నలుగురూనూ. పాప అత్తగారి భుజం మీద నిద్రపోతూ వచ్చేది, నిద్రపోతూ వెళ్ళేది. అత్తగారు సినిమా చూసే తీరు అందరికన్నా వేరు. తెర మీది వాళ్ళతో మాట్లాడేది. కథానాయిక దుష్టుడి మాట నమ్మబోతుంటే, "ఒసేయ్ పిచ్చిదానా, వాడి కళ్ళు చూడవే! ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా నీకు?" అని కేకేసేది. హాలు ఘొల్లుమనేది. కొన్నాళ్ళకి గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన, "పెద్దమ్మగారొచ్చారా? ఇవాళ రెండు సినిమాలు!" అనేవాడు. ఆవిడ పోయేదాకా, పదకొండేళ్ళు అలా సాగింది. హాలు కూడా ఆ తర్వాత మూడేళ్ళకే మూతబడింది. ఇప్పుడక్కడ మంచాలూ పరుపులూ అమ్ముతున్నారు.

మూడు శనివారాలు చూసి నాలుగో శనివారం పొట్టిపిల్లా సూపర్‌వైజరమ్మా ట్రంకులమ్మ ఇంటికే వచ్చేశారు. ఆవిడ వంటింట్లో అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది. కూతురు పిలవబోతే సూపర్‌వైజరమ్మ ఆగమని సైగ చేసింది. నెమ్మదిగా వెళ్ళి ఆవిడ కుడిభుజం వెనక నిలబడి, మామూలు గొంతుతోనే అంది.

"హలో, టెస్టింగ్."

గిన్నెలు సర్దుతూనే ఉంది.

ఎడమవైపుకి వచ్చి మళ్ళీ అదే మాట అంది. ట్రంకులమ్మ గిరుక్కున తిరిగింది. ఒక్క క్షణం మొహం పాలిపోయింది. ఎదురుగా సూపర్‌వైజరమ్మ, గుమ్మంలో పొట్టిపిల్లా కూతురూ. దాచడానికి ఇంకేం మిగల్లేదని తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళయిందే?" అంది సూపర్‌వైజరమ్మ.

"రెండేళ్ళు."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీవీ గొంతు తగ్గించమన్న రోజులన్నీ గుర్తొచ్చాయి కాబోలు, పక్కకి తిరిగి కళ్ళొత్తుకుంది. పొట్టిపిల్ల అయితే నిలబడ్డచోటే కూలబడింది. "ఆరోజు నా నోరు పడిపోనూ! శంఖమన్నానే నేను!"

"అన్నావు. అదొక్కటీ బాగా వినపడింది," అంది ట్రంకులమ్మ.

"ఇంతోటి దానికి మమ్మల్ని మానేస్తావా?" సూపర్‌వైజరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను చెప్పానా నీకు, నా కళ్ళ సంగతి? టీవీలో మొహాలు కనపడి ఏడాదయింది. సీరియల్ చూస్తానని ఎవరన్నారు? వింటాను. ఆ పెద్దకోడలెవరో చిన్నకోడలెవరో గాజుల చప్పుడు బట్టి పోలుస్తున్నాను."

పొట్టిపిల్ల తలెత్తింది. "మరి నిన్నటిదాకా ఆ చీర బాగుంది, ఈ చీర బాగుందని చెబుతున్నావుగా అక్కా?"

"నువ్వన్నదే అంటున్నానే. నీకు తెలియలేదు కదా!"

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది కూతురే. ఆ పైన ఎవరు ఆపినా ఆగలేదు.

తర్వాత వారమే కూతురు సెలవు పెట్టి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వయసు వల్ల కావచ్చు, ఏళ్ళ తరబడి చేసిన పని వల్లా కావచ్చు, పూర్తిగా తిరిగి రాదు గానీ మిషను పెట్టుకుంటే బాగానే వినపడుతుందన్నాడాయన. చిక్కుడు గింజంత మిషను. అది పెట్టుకుని బయటికొచ్చిన మొదటిరోజు ట్రంకులమ్మకి ప్రపంచమంతా గిన్నెల కొట్లో కూర్చున్నట్టనిపించింది. తన చెప్పుల చప్పుడు తనకే చిరాకేసింది. కుళాయి కారుతోందని రాత్రి లేచి కట్టేసొచ్చింది. అది ఏడాదిగా కారుతోందని కూతురు చెప్పింది.

సరిగ్గా వినపడటం మొదలయ్యాక పొట్టిపిల్ల ఊరుకుంటుందా? ముగ్గురికీ సినిమా టికెట్లు తీసుకుంది. ఊరి చివర కొత్తగా కట్టిన హాలు. సెకండ్ షోకి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరని సాయంత్రం ఆట. లోపల మంచాల్లాంటి కుర్చీలు, మీట నొక్కితే కాళ్ళు పైకి లేస్తున్నాయి. పొట్టిపిల్ల మీట నొక్కి వెల్లకిలా పడి, మళ్ళీ లేవడం చేతకాక ఇంటర్వెల్ దాకా అలాగే పడుకుని చూసింది. సూపర్‌వైజరమ్మ కళ్ళు మూసుకుని వింటూ వింటూ గుర్రు పెట్టింది. ట్రంకులమ్మకి ఓ చెవిలో ఆ గుర్రూ, ఇంకో చెవిలో పొట్టిపిల్ల నమిలే చప్పుడూ. తెర మీద ఎవరెవరో ఎందుకో తన్నుకుంటున్నారు. కథ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అత్తయ్య ఉంటే ఈపాటికి ఎవడు దొంగో చెప్పేసేది అనుకుంది. పక్కకి చూస్తే పొట్టిపిల్ల కూడా ఇటే చూస్తోంది.

"పెద్దావిడ గుర్తొచ్చిందా?"

"ఊఁ."

"నాకూ."

సినిమా వదిలేటప్పటికి చినుకులు పడుతున్నాయి. ఆటో ఎక్కారు. నడిపే అతనికి పాతికేళ్ళుంటాయి. ఎక్కడికమ్మా అన్నాడు. టవరు దగ్గరికి అంది సూపర్‌వైజరమ్మ. ఊరినిండా సెల్ టవర్లే, ఏ టవరన్నాడు.

"నేను చెబుతాను, పోనీ," అంది పొట్టిపిల్ల. "తిన్నగా వెళ్ళి, సోడాల దుకాణం దగ్గర ఎడమకి తిప్పు."

"అక్కడ సోడాల దుకాణం లేదమ్మా."

"లేదని మాకూ తెలుసు నాయనా. ఉన్నట్టే అనుకుని తిప్పు!"

అతను నవ్వి తిప్పాడు. తర్వాత కట్టెల అడితి దగ్గర కుడికి. అదీ లేదు. ఆ తర్వాత కుక్కలుండే డాక్టరుగారి మేడ దాటాక రెండో సందు. మేడా లేదు, డాక్టరూ లేడు, కుక్కలు మాత్రం ఉన్నాయి. మూడు మలుపులు తిరిగి ఆటో సరిగ్గా, ఒకప్పటి టవరు వెనక సందులో ట్రంకులమ్మ ఇంటి ముందు ఆగింది. అతను ఆశ్చర్యపోయి వెనక్కి తిరిగాడు.

"కరెక్టుగానే వచ్చామే! ఇంతకీ ఆ సోడాల దుకాణం ఎప్పటిదమ్మా?"

అడక్కూడని మాట అడిగాడు. ముగ్గురూ ఒక్కసారే మొదలెట్టారు. అతను కాసేపు విని, ఇది ఇప్పట్లో తెమిలేది కాదని తెలుసుకుని, ఇంజను ఆపేశాడు.